ధర్మవరం వాడి ఇంట్లో మన క్యారియర్

డాలస్, మార్చి నెల

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం. మీరు, అమ్మ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. పిల్లల సెలవులు ఉగాదితో కలిసి రావడంతో కారులో అరిజోనా వెళ్లి వచ్చామని ఫోనులో చెప్పాను. కానీ ఏళ్ల తరబడి అనంతపురం నుంచి హైదరాబాదుకు నైట్ సర్వీసు నడిపిన మీకు ఆ దారి సంగతి వివరంగా రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

పోను సుమారు 1,700 కిలోమీటర్లు. విమానమైతే రెండున్నర గంటల్లో దింపుతుంది. అయినా, మీరు జీవితమంతా చేసిన పని ఎలాంటిదో రెండు రోజులైనా తెలుసుకోవాలని స్టీరింగు ఎవరికీ ఇవ్వకుండా నేనే నడిపాను.

మీరు చెప్పినట్టే టైర్లలో గాలి, స్టెప్నీ చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. అబిలీన్ దాటి స్వీట్‌వాటర్ చేరేసరికి రెండు పక్కలా గాలిమరలు కనిపించి, రామగిరి దగ్గరికి వచ్చామేమో అనిపించింది. మిడ్లాండ్, ఒడెస్సాల చుట్టూ తలలాడిస్తూ చమురు తోడే పంపులే. పేకోస్ దాటి 10వ నంబరు హైవేలో కలిశాక గంటకు 80 మైళ్లు, అంటే దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. రోడ్డు తిన్నగా, ఒంటరిగా ఉంటుంది కాబట్టి నిద్ర కమ్ముకొచ్చేది సరిగ్గా అక్కడే. కన్ను బరువెక్కిందని తెలిశాక ఒక్క ఫర్లాంగు కూడా నడపొద్దన్న మీ మాట గుర్తొచ్చి, వాన్ హార్న్‌లో బండి ఆపి అరగంట పడుకున్నాను. ఆ రాత్రికి ఎల్ పాసోలో దిగాం.

మర్నాడు న్యూ మెక్సికోలో, లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిపోయిన చెరువు నేల మీదుగా పోతుంటే వరుసగా బోర్డులు కనిపించాయి: దుమ్ము తుఫాను వస్తే రోడ్డు దిగి ఆగండి, ఇంజను ఆపండి, బ్రేకు మీద నుంచి కాలు తీయండి, బెల్టు తీయకండి. బ్రేకు మీద కాలుంటే వెనుక దీపాలు ఎర్రగా వెలుగుతాయి. వెనుక వచ్చేవాడు వాటిని నమ్ముకుని, అదే రోడ్డనుకుని వచ్చి గుద్దుతాడు. పొగమంచులో ముందు బండి లైటు వెంట గుడ్డిగా పోవద్దని మీరు నాకు నేర్పింది కూడా ఇదే కదా! ఆ బోర్డు చదువుతున్నప్పుడు మీరు పక్కన కూర్చుని ఉంటే బాగుండునని ఎంతగానో అనిపించింది.

మధ్యాహ్నం టూసాన్‌లో కదిరి స్నేహితుడి ఇంట భోజనం చేసి, చేతులు పైకెత్తి నిలబడిన మనుషుల్లాంటి సగువారో జెముళ్లను పిల్లలకు చూపించి, చీకటి పడేవేళకు చాండ్లర్‌లో ఉంటున్న నా హాస్టలు స్నేహితుడు, మన ధర్మవరం వాడి ఇల్లు చేరాం.

వాడు నన్ను వాకిట్లోనే కౌగిలించుకుని, కూర్చోనైనా ఇవ్వకుండా వంటింట్లోకి తీసుకెళ్లాడు. పై అరలోంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ దించి నా చేతిలో పెట్టాడు. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన మీ పేరు, కింది గిన్నెకు నొక్కుకుపోయిన పాత సొట్ట. మీరు డ్యూటీకి వస్తూ ఆదివారాల్లో హాస్టలు గేటు దగ్గర ఇచ్చిపోయిన క్యారియరే అది. నేనే పోగొట్టానని అమ్మ చాలా రోజులు కోప్పడింది. చివరి పరీక్షల తర్వాత అది వాడి సామానులో కలిసిపోయిందట. “మీ నాన్న నాకని వేరే గిన్నెలో ఉగ్గాని తెచ్చేవారురా, దీన్ని ఉత్తదిగా ఎలా పంపేది?” అంటూ వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి నాకు ఇంతకాలం తెలియనే తెలియదు, నాన్నా.

తిరుగు ప్రయాణం నాడు వాడి భార్య మూడు గిన్నెల నిండా ఓళిగలు, పై గిన్నెలో నెయ్యి పెట్టి ఇచ్చింది. ఎల్ పాసో వచ్చేసరికి పిల్లలు ఓళిగలన్నీ తినేశారు. గిన్నెలు నేనే కడిగి ఆరబెట్టాను. డిసెంబరులో వచ్చేటప్పుడు క్యారియర్‌ను చేతి సంచిలోనే పెట్టుకుని తెస్తాను. అమ్మకు మాత్రం ముందుగా చెప్పకండి.

మీ కుమారుడు