గిటార్ నేర్చుకునేవారి నడుమకు అనుభవజ్ఞులు రావాలి

సంపాదకులకు నమస్కారం.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లో గిటార్ చేతబట్టిన తెలుగు పిల్లలు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. వాద్యం కొనడం ఇప్పుడు అంత కష్టం కాదు. పాఠాలు ఫోనులో కావలసినన్ని దొరుకుతున్నాయి. దొరకనిదల్లా పక్కన కూర్చుని వాళ్ళ చేతిని చూసి చెప్పే మనిషే. పిక్ అనే చిన్న బిళ్ళ వాడకుండా విడివిడి వేళ్ళతో తీగలను మీటే ఫింగర్‌స్టైల్ పద్ధతిలో చాలాకాలంగా వాయిస్తున్న నేను, ఇటీవల రాయగడలో ఆదివారాలు కలుసుకునే ఒక చిన్న అభ్యాసకుల బృందంలో చేరాను. అందరిలాగే సభ్యుడిగా చేరాను; వాళ్ళు నాకు వేరే పీట వేయలేదు, నేనూ అడగలేదు. అక్కడ చూసినదాన్నిబట్టి, మా ప్రాంతంలో ఈ వాద్యం చేతికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇటువంటి బృందాల్లోకి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఫోనులో చూసి నేర్చుకునే పిల్లల శ్రద్ధ అంతా ఎడమచేతి మీదే ఉంటుంది. ఏ కార్డుకు (కలిపి మోగించే స్వరాల గుంపుకు) ఏ వేలు ఎక్కడ నొక్కాలో వాళ్ళకు బాగానే తెలుసు. కుడిచేతిని మాత్రం దాని మానాన దాన్ని వదిలేస్తారు. ఫింగర్‌స్టైల్‌కు ప్రాణం కుడిచేతిలోనే ఉంది. తీగల్లో అన్నిటికంటే లావైనది 6వది, సన్ననిది 1వది. సాధారణంగా 6, 5, 4 తీగలు బొటనవేలివి, 3వ తీగ చూపుడువేలిది, 2వది మధ్యవేలిది, 1వది ఉంగరపువేలిది. ఈ పంపకం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, చేతికి ఎక్కడానికి నెలలు పడుతుంది. ఇటలీలో పుట్టి వియన్నాలో పేరు తెచ్చుకున్న గిటార్ వాద్యకారుడు మౌరో జూలియానీ 1812లో ప్రచురించిన తన మొదటి ఓపస్‌లో (రచనల సంపుటిలో) కుడిచేతి కోసమే 120 అభ్యాసాలు ఇచ్చారు. వాటన్నిటిలోనూ ఎడమచేతికి ఉన్నవి సి, జి7 అనే రెండే కార్డులు. ఎడమచేతికి దాదాపుగా పని లేకుండా చేసి, మనసంతా కుడిచేతి వేళ్ళమీద నిలిపే ఆ ఏర్పాటులో ఎంత బోధనానుభవం ఉందో, కొత్తవాళ్ళతో కలిసి కూర్చుంటే గాని పూర్తిగా అర్థం కాదు.

కుడిచేతిలో వచ్చే తప్పులు వాయించేవాడి కంటికి ఆనవు. మణికట్టు లోపలికి వంగిపోతుంది, చిటికెనవేలు చెక్కమీద బిగుసుకుపోతుంది, బొటనవేలు చూపుడువేలి వెనక్కి దూరి రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఒక్కొక్క స్వరానికీ చెయ్యి మొత్తం పైకి ఎగురుతుంది. పిల్లవాడికి వినిపించేది శబ్దం సరిగ్గా రాకపోవడం ఒక్కటే. కారణం తెలియక ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా మీటుతాడు. ఎదురుగా కూర్చున్నవాడికి మాత్రం అది క్షణంలో కనబడుతుంది. భుజం వదులు చేసి, లయ దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 50 దెబ్బల దగ్గర పెట్టి వాయించమంటే, ఆ పూటకే ధ్వని మారిన సందర్భాలు మా బృందంలో ఉన్నాయి.

ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుని గొప్పవాళ్ళైనవారు లేరా అని కొందరు అడుగుతారు. ఉన్నారు. అమెరికాలోని కెంటకీకి చెందిన గిటార్ వాద్యకారుడు మెర్ల్ ట్రావిస్ ముఖ్యంగా బొటనవేలు, చూపుడువేలు ఈ రెంటితోనే మంద్రపు తీగల నడకనూ పైతీగల పాటనూ కలిపి వాయించేవారు. ఆ వాయింపును, తర్వాత తానూ పేరున్న గిటార్ వాద్యకారుడైన చెట్ అట్కిన్స్ కుర్రతనంలో రేడియోలో విన్నారు. అన్ని స్వరాలు రెండు వేళ్ళతో వస్తున్నాయని ఊహించలేక, మరిన్ని వేళ్ళు కలుపుకొని తనదైన బాణీ కట్టుకున్నారు. చూడకుండా నేర్చుకోవడంవల్ల మేలు జరిగిన ఉదాహరణ ఇది. అయితే అట్కిన్స్‌కు ఉన్న చెవి అందరికీ ఉండదు. ఆ చెవి లేని పిల్లలకు కూడా వాద్యం మీద హక్కు ఉందని నేను నమ్ముతాను.

మా బృందంలో ఎడమచేతివాటం ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. చెయ్యి మార్చుకుంటేనే గిటార్ వస్తుందని ఎవరో చెబితే దాదాపు మానేసే స్థితికి వచ్చాడు. అమెరికా జానపద గిటార్ వాద్యకారిణి ఎలిజబెత్ కాటన్ కూడా ఎడమచేతివాటం మనిషే. కుడిచేతివాళ్ళ గిటార్‌ను తీగలు మార్చకుండానే తిరగేసి పట్టుకుని, మంద్రపు తీగలను వేళ్ళతో, పాటను బొటనవేలితో వాయించి, వృద్ధాప్యంలో 1985లో గ్రామీ పురస్కారం అందుకున్నారు. ఈ సంగతి చెప్పాక ఆ అబ్బాయి తీగలు తిరగేసి కట్టించుకోవాలా, ఆమెలాగే పట్టుకోవాలా అన్నది తనే తేల్చుకున్నాడు. తీగలు తిరగేసి కట్టించుకున్నాడు. ఇప్పుడు క్రమం తప్పకుండా వస్తున్నాడు.

మా ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే విషయం ఇంకొకటి ఉంది. పనసచెక్కతో వీణలు చేసే బొబ్బిలి, రాయగడ నుంచి రైలు దారిలోనే ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్ళు కొన్నింటిలో అమ్మమ్మల, మేనత్తల వీణలు నేటికీ ఉన్నాయి. వీణ నేర్చుకున్న అమ్మాయి గిటార్ పట్టుకుంటే చూపుడు, మధ్యవేళ్ళు చకచకా నడుస్తాయి, ఎందుకంటే వీణమీద మీటు పడేది ఆ రెండు వేళ్ళతోనే. తాళపు తీగలను చిటికెనవేలు చూసుకుంటుంది. బొటనవేలికి అక్కడ మీటే పని లేదు. అందుచేత గిటార్ మీద ఆమె బొటనవేలు మొదట్లో పసిపిల్లలాగే తడబడుతుంది. ఈ తేడా తెలిసినవాడు పక్కన ఉంటే, ఆమెకు ఇప్పటికే ఉన్న విద్యను పక్కన పెట్టించకుండా ఒక్క బొటనవేలికి మాత్రమే పాఠం చెబుతాడు. తెలియనివాడు మొత్తం మొదటినుంచి మొదలుపెట్టిస్తాడు.

ఆ పాఠానికి మేము ఎంచుకున్న దారి ఇది. 6వ తీగను ఇ నుంచి డికి దించితే, 6, 5, 4 తీగలు ఖాళీగా మీటినప్పుడు డి, ఏ, డి పలుకుతాయి. డిని షడ్జమంగా తీసుకుంటే అవే స, ప, స. బొటనవేలు ఆ మూడింటిమీద నిదానంగా తిరుగుతుంటే తంబురా శ్రుతి నిలుస్తుంది. అప్పుడు 2వ తీగ 3వ ఫ్రెట్‌లో (గిటార్ మెడమీది మెట్టులో) మధ్యస్థాయి షడ్జమం, 4వ ఫ్రెట్‌లో శుద్ధ రిషభం, 1వ తీగ 3వ ఫ్రెట్‌లో శుద్ధ మధ్యమం, 5వ దానిలో పంచమం, 6వ దానిలో శుద్ధ ధైవతం, 10వ దానిలో తారస్థాయి షడ్జమం దొరుకుతాయి. అవరోహణలో అంతర గాంధారానికి 1వ తీగ 2వ ఫ్రెట్ ఉంది. మలహరి రాగం మొత్తం అక్కడే ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా మొదట పాడే గీతాలు ఈ రాగంలోవే కాబట్టి, చెవికి ముందే తెలిసిన దానిని చెయ్యి వెతుక్కుంటుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టిన తెలుగునేల మీద, గిటార్ మీద గీతం పలికించడం వింతేమీ కాదు.

వాద్యం విషయం కూడా ఎవరో ఒకరు చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు రెండున్నర మిల్లీమీటర్లకు బాగా మించితే వేళ్ళు కోసుకుపోతాయి. వానాకాలపు తేమకు పైచెక్క ఉబ్బి ఈ ఎత్తు పెరుగుతుంది. తన చేతకానితనమే అనుకుని గిటార్‌ను అటకెక్కించిన పిల్లలు ఎందరో ఉంటారు. బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ అనే పట్టీని కొద్దిగా అరగదీయిస్తే తీరిపోయే ఇబ్బంది అది.

బృందంలో చేరే అనుభవజ్ఞులకు ఒక విన్నపం. వచ్చిన మొదటిరోజే కష్టమైన రచనను వేగంగా వాయించి వినిపించకండి. పిల్లలు చప్పట్లు కొడతారు గాని, ఇంటికి వెళ్ళాక తమ గిటార్ ముట్టుకోవడానికి జంకుతారు. వాళ్ళు వాయిస్తున్నదానినే, వాళ్ళ వేగంలోనే, శుభ్రంగా వాయించి చూపండి. ఒక పూటకు ఒక్క లోపమే చెప్పండి. మా జిల్లాల్లో చాలామంది కుర్రవాళ్ళు చర్చిల్లో పాటబృందాలకు స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ ఒకేసారి మీటడం) చేస్తూ పెరిగినవాళ్ళు. అది తక్కువ విద్య అన్నట్టు మాట్లాడవద్దు. అంతమంది గొంతులను ఒక్క లయలో నడిపించిన ఆ చేతులకు కాలప్రమాణం మనలో చాలామందికంటే గట్టిగా ఉంటుంది.

భాష సంగతి కూడా మరవకూడదు. ఇక్కడి తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివినవారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆరు గీతలు గీసి అంకెలు వేసే టాబ్‌కు ఏ లిపీ అక్కర్లేదు గనుక అది అందరికీ పనికొస్తుంది. కుడిచేతి వేళ్ళ వివరం మాత్రం నోటిమాటగా, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పాలి. పక్కనే కూర్చున్న ఒడియా పిల్లలకూ, కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలకూ ఆ మాట అందించే పని మా బృందంలో ఈ తెలుగు పిల్లలే చేస్తున్నారు. చెప్పిందాన్ని తాము మళ్ళీ చెప్పవలసి రావడంతో వాళ్ళకు కూడా అది ఇంకా గట్టిగా పడుతోంది.

మీ పత్రిక జిల్లా పేజీల్లో నృత్య, గాత్ర శిక్షణ వార్తలకు చోటిస్తున్నట్టే, సరిహద్దు పట్టణాల్లో గిటార్ అభ్యాసకులు ఎప్పుడు, ఎక్కడ కలుసుకుంటున్నారో కూడా అప్పుడప్పుడు ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. పార్వతీపురం, బొబ్బిలి వాద్యకారులు ఉదయం రైలెక్కి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళగలిగే దూరంలోనే రాయగడ ఉంది. వచ్చేవారు తమ గిటార్‌తోపాటు వీలైతే ఒక అదనపు తీగల సెట్టు తెస్తే మేలు, ఎందుకంటే ఇక్కడి పిల్లల గిటార్లలో సగానికి పైగా తుప్పు పట్టిన తీగలే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక గిటార్ వాద్యకారుడు,
రాయగడ, ఒడిశా.