మన కూచిపూడి నాట్యాలయం వార్తాలేఖ: చిన్నక్క టీచర్ వెళ్లడం గురించి, దసరా గజ్జెపూజ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

కృష్ణాష్టమి కార్యక్రమం అయినప్పటినుంచి మెట్ల దగ్గర, బళ్లు ఆపుకునే చోట, వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట నడుస్తోంది. చిన్నక్క టీచర్ ఎందుకు మానేసింది? నన్ను సూటిగా అడిగినవాళ్లు చాలా తక్కువమంది. మిగతావాళ్లు ఒకరినొకరు అడుక్కున్నారు. జీతం సరిగా ఇవ్వలేదట అన్నారు. మా ఆడపడుచుకీ ఆ అమ్మాయికీ పడలేదట అన్నారు. దసరా తర్వాత నాట్యాలయమే ఎత్తేస్తున్నారట అని కూడా వచ్చింది. ఈ మూడూ నిజం కాదు.

జరిగింది చెబుతాను. ఆ అమ్మాయికి పెళ్లయి కాపురం పోరంకి మారింది. సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌కి అక్కడినుంచి సత్యనారాయణపురం రావాలంటే బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ప్రాణం పోతుంది. వేసవిలోనే నాతో, మా అత్తయ్యగారితో చెప్పింది, అక్కడే ఇంటి కింద గదిలో క్లాసు మొదలుపెట్టుకుంటానని. కృష్ణాష్టమి దాకా ఉండమన్నాం, ఉంది. వెళ్లే రోజు అత్తయ్యగారు తను నాట్యానికి వాయించిన కంచు తాళాల జత ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. చిన్నప్పుడు మా మేడ మీదికి వచ్చి మొదటి నమస్కారం నేర్చుకున్న పిల్ల, సర్టిఫికెట్, డిప్లొమా ఇక్కడే చదువుకుని, ఇక్కడే టీచరై, ఇప్పుడు సొంతంగా గురువు స్థానంలో కూర్చుంటోంది. మా ఇంట్లో అందరికీ ఇది సంతోషం. దీన్ని గొడవ చేయొద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

"మన స్టూడెంట్సుని పట్టుకుపోతుందేమో, మీకు భయం లేదా మేడమ్" అని ఒక తల్లి అడిగారు. ఆవిడ మంచికే అడిగారు. నా జవాబు ఇది. కూచిపూడి గ్రామం మనకు రెండు గంటల లోపు ప్రయాణం. ఆ ఊరి గురువులు ఊళ్లోనే ఉండిపోయి ఉంటే ఈరోజు మన ఆడపిల్లల కాళ్లకు గజ్జె ఉండేది కాదు. ఒకప్పుడు ఆ ఊరి మేళాలలో, అంటే నాట్య బృందాలలో, ఆడినవాళ్లంతా మగవాళ్లే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారిలాంటి పెద్దలు పట్టుబట్టి ఆడవాళ్లకు నేర్పారు. ఆయన శిష్యుల్లో ఒకరైన వెంపటి చినసత్యంగారు మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆ అకాడమీలో తయారైన శోభానాయుడుగారు హైదరాబాదులో ఎంతోమందిని తయారుచేశారు. రాజారెడ్డి, రాధారెడ్డిగార్లు ఢిల్లీ వెళ్లి అక్కడ స్థిరపడి నేర్పారు. శిష్యులు బయటికి వెళ్లి సొంతంగా పాఠం చెప్పడం వల్లే ఈ నాట్యం బతికింది. పోరంకిలో ఇంకో క్లాసు వస్తే మన క్లాసుకు వచ్చే నష్టం ఏమీ లేదు. మీలో కానూరు, పెనమలూరు వైపు ఉన్నవాళ్లకు అక్కడికి మారడం సులువైతే మారండి, నేనే ఫోన్ చేసి చెబుతాను. ఒక్కటే కోరిక. సగం నేర్చుకున్న ఐటమ్ మధ్యలో వదిలి వెళ్లొద్దు. దసరాకి పిల్లల కాళ్లకు మొదటిసారి గజ్జె కట్టే గజ్జెపూజ అయ్యాక మారితే పిల్లలకు మంచిది.

జీతాల మాట వచ్చింది కాబట్టి అది కూడా చెబుతాను, ఇంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇది మా కుటుంబం నడుపుకునే చిన్న నాట్యాలయం. అత్తయ్యగారు ముందు గదిలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టారు, తర్వాత మేడ వేశారు. ఇప్పుడు నేను, మా ఆడపడుచు, మా దగ్గరే చదువుకున్న ఇద్దరు టీచర్లు పాఠం చెబుతాం. మా వారు లెక్కలు, మైకులు, బట్టలు చూసుకుంటారు. ఆదివారం రిహార్సల్స్‌కి మృదంగం వాయించే అబ్బాయి వస్తాడు. ఇంటివాళ్లం జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, బయటినుంచి వచ్చే టీచర్లకు ఒకటో తారీకున డబ్బు అందాలనేది అత్తయ్యగారు పెట్టిన నియమం. అది ఏ నెలా తప్పలేదు. ఏప్రిల్, మే నెలల్లో మీరు ఊళ్లకు వెళతారు, ఫీజులు సగానికి పడిపోతాయి. కరెంటు బిల్లు పడిపోదు, టీచర్ ఇంటి అద్దె పడిపోదు. "జూన్‌లో రెండు నెలలది కలిపి ఇస్తాం" అని చాలామంది అంటారు. జూన్‌లో స్కూలు ఫీజులు వస్తాయి, మాది జూలైకి పోతుంది. టీచర్ల గురించి అంత బాధపడేవాళ్లు నెల మొదటి వారంలోనే ఫీజు కట్టేస్తే నాకు ఎంతో బలంగా ఉంటుంది.

ఇంకో మాట. మీ అమ్మాయికి పాఠం చెప్పే టీచర్ గురించి రాత్రి అన్నాలు తినేటప్పుడు ఆ పిల్ల ముందే మాట్లాడకండి. "కొత్త టీచరుకి ఏం రాదట" అని ఒక చిన్నది నాతోనే అంది. ఆ మాట దాని సొంతం కాదని దాని మొహం చూస్తేనే తెలుస్తోంది. అలా విన్న పిల్ల మర్నాడు ఆ టీచర్ మొహం చూసి ఎలా నేర్చుకుంటుంది?

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన విషయానికి వస్తాను. "మేడమ్, ఆ పాట ట్రాక్ పంపండి, ఇంట్లో ప్రాక్టీస్ చేయిస్తాం" అని రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. పంపను. కోపం తెచ్చుకోకుండా కారణం వినండి. ట్రాక్‌కి కళ్లు లేవు. ఎదురుగా ఉన్నది ఏడేళ్ల పిల్లా, పదిహేనేళ్ల పిల్లా దానికి తెలియదు. పిల్లకు ఆయాసం వచ్చినా అదే వేగంతో పోతుంది. అందుకోలేని పిల్ల అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ, వదిలేసి నిలబడిపోతుంది, మోకాళ్లు నిటారుగా పెట్టి చేతులు మాత్రం ఊపుతుంది. ఒక్కసారి ఆ అలవాటు పడితే వదిలించడానికి నెలలు పడుతుంది. టీచర్ కర్ర పట్టుకుని పలక మీద తాళం వేస్తూ సొల్లు, అంటే అడుగుల జతులు, నోటితో చెబుతుంటే సంగతి వేరు. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, పాదం పూర్తిగా పడిందని చూశాకే దానికి రెట్టింపు వేగమైన రెండో కాలానికి వెళుతుంది. మూడో కాలంలో ఒక్క పిల్ల తడబడినా ఆగి మళ్లీ మొదటికి తెస్తుంది. నాలుగక్షరాల తకధిమికీ, మూడక్షరాల తకిటకీ తేడా పిల్ల చెవికంటే ముందు పాదానికి తెలియాలి. అది మనిషి ఎదురుగా కూర్చుని చెబితేనే వస్తుంది. మా కార్యక్రమాలకు నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పి నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వేణువు, వయొలిన్ అన్నీ లైవ్‌లో పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో మా వారి లెక్కల పుస్తకం చూస్తే మీకే టెన్షన్ వస్తుంది. పెన్‌డ్రైవ్ పెడితే అందులో చాలాభాగం మిగులుతుంది. అయినా నేను బతికున్నంతకాలం మన పిల్లలు మనుషుల తాళానికే ఆడతారు.

కృష్ణాష్టమి రోజు దానివల్ల ఏం జరిగిందో ముందు వరసలో కూర్చున్నవాళ్లు చూశారు. పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం చేస్తున్న ఏడో తరగతి అమ్మాయికి ఆ ఇత్తడి పళ్లెం అనుకున్నదానికంటే ఎక్కువ జరిగి స్టేజీ అంచు దాకా వచ్చేసింది. నెత్తిమీద చెంబు. నట్టువాంగం చేస్తున్న మా ఆడపడుచు అది చూసి గాయనిగారికి సైగ చేసింది. ఆవిడ పాటలో అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకున్నారు, మృదంగం కూడా ముందుకు పోకుండా ఆ పాదంతోనే సాగింది. ఆ పిల్ల ఒక్క చుక్క నీళ్లు తొణక్కుండా, మొహంలో నవ్వు చెదరకుండా, పళ్లెం అంచుల మీదే వెనక్కి నడిచి వచ్చి సరిగ్గా సమంలో, అంటే తాళం మొదలయ్యే దెబ్బకి, అందుకుంది. ట్రాక్ అయితే పాట తనదారిన వెళ్లిపోయేది, పిల్ల స్టేజీ మీద ఒంటరిగా మిగిలిపోయేది. చూస్తున్నవాళ్లలో చాలామందికి అదంతా ముందే అనుకుని చేసినట్టు అనిపించిందట. నాకు మాత్రం కళ్లమ్మట నీళ్లు ఆగలేదు.

పిల్లల పేర్లు రాయడం లేదు. రాస్తే మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అయినా ఇంకో ఇద్దరి గురించి చెప్పకుండా ఉండలేను. ఆరు గంటల బ్యాచ్‌లో ఐదో తరగతి చదివే అబ్బాయి ఉన్నాడు, ఆ బ్యాచ్‌లో ఒక్కడే మగపిల్లాడు. స్కూల్లో ఏడిపిస్తున్నారని కొన్నాళ్లు రాలేదు. తర్వాత తనంతట తనే వచ్చాడు. ఇప్పుడు అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేతి ముద్రలు, ఇరవై ఎనిమిదీ ఏది ఎక్కడ వాడాలో చెప్పే వినియోగాలతో సహా చెబుతాడు, అరమండిలో కూర్చుంటే కదలడు. "మగపిల్లాడికి డాన్సేంటండీ" అని వరండాలో వాడి ముందే అన్నవాళ్లు దయచేసి తెలుసుకోండి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి జడ వేసుకుని రంగస్థలం మీదికి వస్తే జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ నాట్యం మగవాళ్లు శతాబ్దాలు మోసి మనకు అందించింది. ఆ పిల్లాడు తలవంచుకోవలసిన పని లేదు. ఇంకోసారి ఎవరైనా అంటే నేను ఊరుకోను.

ఇంకొకరు పదో తరగతి అమ్మాయి. పరీక్షల ఏడాది కదా అని వాళ్లమ్మ మాన్పించబోతే, ఆదివారం ఒక్కపూట వస్తానని ఒప్పించుకుని వస్తోంది. తన పాఠం అయ్యాక వెళ్లిపోదు. మొదట నేర్పే ముద్రలైన పతాకం, త్రిపతాకం కూడా తెలియని చిన్నపిల్లల మధ్య కూర్చుని ఒక్కొక్కరి బొటనవేలు సరిచేస్తుంది. పిల్లకి పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు, దానంతట అది వచ్చింది. మన రేపటి టీచర్లు ఇలాంటి పిల్లల్లోంచే వస్తారు. అందుకే ఎనిమిదో తరగతి రాగానే ఫౌండేషన్ కోర్సు పేరుతో డాన్స్ మాన్పించేవాళ్లని చూస్తే నాకు నిద్ర పట్టదు. అయిదేళ్లు అడుగులు నేర్చుకున్న పిల్లకు అభినయం పట్టుబడేది సరిగ్గా అప్పుడే. వారానికి రెండు గంటలు నాట్యానికి ఇస్తే ర్యాంకు పోదు. పోయిందని ఎవరైనా నాకు చూపిస్తే వింటాను.

ఇంటి అలవాట్ల గురించి ప్రేమగానే కొన్ని మాటలు. క్లాసుకు వచ్చే దారిలో బజ్జీలు, నూడుల్స్ పెట్టించకండి. నిండు పొట్టతో అరమండిలో కూర్చుంటే వాంతి వస్తుంది, ఈ నెల వచ్చింది కూడా, ఆ నేల తుడిచింది మా అత్తయ్యగారు. అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలు, అదీ గంట ముందు. జుట్టు విరబోసుకుని పంపకండి, జడ వేసి పంపండి. ప్రాక్టీస్ చీర వారానికి ఒక్కసారైనా ఉతకండి. ఏడు గంటలకు క్లాసు అయిపోతే ఏడు గంటలకే రండి. ఏడున్నర దాకా మెట్ల మీద కూర్చునే పిల్లలకు తోడుగా ఒక టీచర్ ఉండిపోవాలి, ఆవిడకూ ఇంట్లో పిల్లలున్నారు. క్లాసు జరుగుతుండగా కిటికీలోంచి వీడియో తీయకండి. మీ అమ్మాయితో పాటు పక్కపిల్ల కూడా అందులో పడుతుంది, వాళ్లమ్మకు అది ఇష్టమో కాదో మీకు తెలియదు. పైగా కెమెరా కనబడగానే పిల్ల కళ్లు చేతిని వదిలేసి అటు తిరుగుతాయి.

ఇంట్లో ప్రాక్టీస్ చేయించాలనే మీ తపన నాకు అర్థమవుతుంది. అయితే టైల్స్ మీద, గ్రానైట్ మీద గట్టిగా తట్టించకండి. మన హాలులో చెక్కపలకల కింద ఖాళీ వదిలి వేయించాం, పాదం పడ్డప్పుడు దెబ్బ కొంత అది తీసుకుంటుంది. కాంక్రీటు మీద పరిచిన టైల్ ఏమీ తీసుకోదు, ఆ దెబ్బంతా మడమకీ, ముంగాలి ఎముకకీ వెళుతుంది. ఇంట్లో కూర్చుని హస్తాలు, వినియోగాలు, దృష్టి భేదాలు చెప్పించండి. చేత్తో తాళం వేస్తూ నోటితో సొల్లు పలికించండి. రోజూ పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ. యూట్యూబ్‌లో చూసి ముద్రలు మీరే మార్చి నేర్పకండి. ఒక్కో గురువు బాణీకీ, అంటే నేర్పే పద్ధతికీ, తేడాలుంటాయి. తర్వాత పిల్ల అమ్మ చెప్పింది నమ్మాలా, టీచర్ చెప్పింది నమ్మాలా అని నలిగిపోతుంది.

మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను. సర్టిఫికెట్ పరీక్ష ఫారాలు మా వారి దగ్గర ఉన్నాయి, రెండు ఫొటోలు తెచ్చి నింపండి. బట్టల కొలతలకు టైలర్ శనివారం వస్తాడు. మంచినీళ్ల సీసాల మీద పేర్లు రాయండి. దసరా సెలవుల్లో ఉదయం బ్యాచ్ మాత్రమే ఉంటుంది.

గజ్జెపూజ విజయదశమి ఉదయం మన హాలులోనే. ఈసారి కాలికి మొదటిసారి గజ్జె కట్టేవాళ్లు ఎవరో టీచర్లం కలిసి నిర్ణయించాం. జాబితాలో పేరు లేనివాళ్లు నొచ్చుకుంటారని తెలుసు. పక్కింటి పిల్ల ఏడాదిలో కట్టింది, మా పిల్లకు రెండేళ్లయినా కట్టలేదంటే ఎలా అని అడిగారు. మూడు కాలాల్లోనూ అడుగులు నిలబడితేనే గజ్జె. అత్తయ్యగారి కాలంనుంచి ఇదే పద్ధతి, డబ్బు కట్టినా, బతిమాలినా మారదు. పూజకు చిన్నక్క టీచర్ కూడా వస్తోంది, తను తయారుచేసిన పిల్లలకు తనే గజ్జె కడుతుంది. మీ సందేహాలేవైనా ఉంటే ఆరోజు ఆ అమ్మాయినే అడగండి.

తన ఆరు గంటల బ్యాచ్‌ని సోమవారం నుంచి మా ఆడపడుచు తీసుకుంటుంది. చిన్నపిల్లల అయిదు గంటల బ్యాచ్ కొత్త టీచర్‌ది. ఆవిడకు ఈ దసరా దాకా సమయం ఇవ్వండి, కిటికీ దగ్గర నిలబడి చూడకుండా ఇవ్వండి. పిల్లల అడుగుల గురించి, ఫీజుల గురించి, బ్యాచ్ మార్పుల గురించి మాట్లాడాలనుకునేవాళ్లు శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఎప్పుడైనా రండి. నేను కింద గదిలోనే ఉంటాను. గ్రూపులో రాయకండి, అక్కడ నేను జవాబు ఇవ్వను.

ఇట్లు,
మీ నాట్యాలయం గురువు
సత్యనారాయణపురం, విజయవాడ