రోలర్లు మార్చే ముందు గ్రాములు తూయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గేర్లు లేని స్కూటర్ ఘాట్ ఎక్కడానికి మొరాయిస్తే బెల్టు పుల్లీలో ఉండే రోలర్లు తీసి తేలికవి వేయించుకోవాలనీ, దాంతో పికప్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుతుందనీ మీ జిల్లా పేజీలో ఇచ్చిన సలహాలో మొదటి సగం కొంతవరకు నిజం. రెండో సగం తప్పు. ఎస్.కోట మీదుగా అరకు వెళ్లేవారు, పాలకొండ నుంచి సీతంపేటకు సరుకు వేసుకుని ఎక్కేవారు, సాలూరు ఘాట్ మీద రోజూ తిరిగేవారు ఆ మాట నమ్మి షాపులకు వస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం.

ఇంజిను వైపు ఉండే ముందు పుల్లీకి (వేరియేటర్ అంటారు) రెండు పళ్లేలుంటాయి. ఒకటి కదలదు, రెండోది జరుగుతుంది. జరిగే పళ్లెం వెనక గాడుల్లో సాధారణంగా ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజిను జోరందుకునేకొద్దీ అవి గాడి వెంట బయటికి పాకి పళ్లేన్ని నెడతాయి. బెల్టు ముందు పుల్లీలో పైకెక్కి, వెనక పుల్లీలో స్ప్రింగును అణచుకుంటూ లోపలికి దిగుతుంది. ఈ బండ్లలో గేరు మారడమంటే అదే. రోలర్లు బరువైతే తక్కువ ఆర్పీఎంలోనే ఆ మార్పు జరిగిపోతుంది, తేలికైతే ఇంజిను ఇంకాస్త తిరిగాక గానీ జరగదు. రోలర్లు ఇంజిను బలాన్ని పెంచవు, అది ఏ ఆర్పీఎం దగ్గర పనిచేయాలో మాత్రమే తేలుస్తాయి. మామూలు 110 సీసీ స్కూటర్లలో లాగుడు ఎక్కువగా ఉండేది 5,500 దరిదాపుల్లో, పూర్తి పవరు వచ్చేది 7,500 నుంచి 8,000 దగ్గర. తేలికవి వేస్తే అదే 40 కిలోమీటర్ల వేగానికి ఇంజిను ఎక్కువ చుట్లు తిరగాలి. పెట్రోలు తగ్గేదెలా?

మంచు దేశాల్లో తిరిగే స్నోమొబైళ్లకూ ఇదే సూత్రం. వాటి ముందు పుల్లీలో (ముందు క్లచ్ అంటారు) రోలర్ల స్థానంలో బరువు చేతులుంటాయి. సర్దుబాటు రకం చేతులకు మొదట్లో, కొసన బెజ్జాలుంటాయి. చిన్న మరలు బిగించో తీసో గ్రాములు సరిచేస్తారు. మొదట్లో వేసిన బరువు బయల్దేరేటప్పుడు ఎక్కువ పనిచేస్తుంది, కొసన వేసింది పూర్తి వేగంలో. ఎత్తుకు వెళ్తే గాలి పలచబడి ఇంజిను పవరు తగ్గుతుంది కాబట్టి అక్కడ బరువు కూడా తగ్గిస్తారు. లెక్క ప్రకారం ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం పవరు పోతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, అంటే పోయేది పదో వంతుకు దగ్గర. ఒక్కోటి 12 గ్రాములున్న సెట్టు మొత్తం 72 గ్రాములు అనుకుంటే, అందులో ఆరేడు గ్రాములు తగ్గిస్తే సరిపోయే పని. రోలర్ల తోపు ఆర్పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, బరువు పదో వంతు తగ్గితే ఆర్పీఎం ఇరవయ్యో వంతే పెరుగుతుంది. 5,500 దగ్గర అది సుమారు 275. పికప్ కిట్ పేరుతో ఒకేసారి 18, 20 గ్రాములు తీసేస్తే బండి అరుస్తుంది తప్ప లాగదు.

మన రోలర్లకు ఆ మరల సదుపాయం లేదు. అందుకని కొందరు రోలరు లోపలి లోహానికి బెజ్జం వేస్తున్నారు, ఇంకొందరు సీసం పోస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నైలాను తొడుగు వేడెక్కి లోహం జారితే వేరియేటర్ గాడి కోసుకుపోతుంది. అర గ్రాము తేడా కావాలంటే రెండు సెట్లు కొని కలపాలి: 12 గ్రాములవి మూడు, 11 గ్రాములవి మూడు, ఒకటి విడిచి ఒకటి. మొత్తం 69, సగటు 11.5. బరువైనవన్నీ ఒకే పక్క పెడితే పుల్లీ అదురుతుంది.

అసలు చాలా బండ్లకు మార్చాల్సింది బరువు కాదు. ఘాట్ ఎక్కని స్కూటర్ విప్పి చూస్తే రోలర్లు ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంటాయి, లేదా బెల్టు సన్నబడి ఉంటుంది. చదును పడిన రోలరు గాడిలో ఆగి ఆగి జరుగుతుంది. బండి కుదుపుతో వేగం అందుకుంటుంది, పూర్తి వేగమూ రాదు. దీనికో తేలిక పరీక్ష ఉంది. ముందు పుల్లీ కదలని పళ్లెం మీద నడుమ నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీయండి. కవరు బిగించి, ఖాళీ రోడ్డు మీద పూర్తి థ్రాటిల్‌తో ఒకసారి నడిపి విప్పండి. గీత అంచుకు చాలా ముందే చెరగడం ఆగిపోయి ఉంటే బెల్టు పైదాకా ఎక్కడం లేదు. అప్పుడు తేలిక రోలర్లు వేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. బెల్టు వెడల్పు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్ హద్దుతో పోల్చండి.

రోలర్లను బంగారం కొట్టులో వాడే చిన్న డిజిటల్ త్రాసు మీద ఒక్కొక్కటిగా తూయాలి. పైన 12 అని ముద్ర ఉన్నంత మాత్రాన లోపల 12 ఉండాలని లేదు. ఒకే బరువని అమ్మిన సెట్టులో 0.2 గ్రాము దాటి తేడా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. రోలరుకు ఒక పక్క నైలాను మూసి, ఇంకో పక్క లోహం కనిపిస్తే, తిరిగేటప్పుడు ఒత్తిడి పడే గోడకు మూసిన పక్కే ఆనాలి. గ్రీజు సంగతి మాన్యువల్ చెప్పినట్టే. పొడిగా ఉండాల్సిన దాంట్లో గ్రీజు పూస్తే అది బెల్టుకెక్కి జారుతుంది.

ఎక్కువ నష్టం జరిగేది ముందు పుల్లీ నట్టు బిగింపు దగ్గర. ముందు పళ్లేల మధ్య బెల్టు ఇరుక్కుని ఉండగానే గన్‌తో నట్టు బిగిస్తారు. బిగిసినట్టే ఉంటుంది. పది కిలోమీటర్లు తిరిగాక బెల్టు సర్దుకుని నట్టు వదులవుతుంది, పుల్లీ కూర్చునే క్రాంకు షాఫ్టు పళ్లు అరిగిపోతాయి. రోలర్లకు పెట్టిన ఖర్చు ఎక్కడ, క్రాంకు ఖర్చు ఎక్కడ! వెనక పుల్లీని చేత్తో విడదీసి బెల్టును లోతుకు నొక్కాలి. ముందు పక్క బెల్టు వదులుగా ఆడుతుండగా నట్టును టార్కు రెంచితో మాన్యువల్ అంకెకే బిగించాలి.

వెనక పుల్లీకి గట్టి స్ప్రింగు వేయడం మొదటి మందు కాదు. అది బండిని త్వరగా తక్కువ గేరుకు తెస్తుంది నిజమే, కానీ బెల్టును పిండి వేడెక్కిస్తుంది. ఇసుక లారీలు తిరిగే నాగావళి, వంశధార గట్ల రోడ్ల మీద నడిచే బండ్లకు ముందు సీవీటీ (ఈ బెల్టు, పుల్లీల ఏర్పాటు) కవరు స్పాంజి శుభ్రం చేసి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఘాట్ దిగేటప్పుడు మరో సంగతి. తేలిక రోలర్ల బండి తక్కువ గేరులో ఎక్కువసేపు ఉంటుంది కనుక ఇంజిను బ్రేకు కాస్త బాగుంటుంది. వేగం మరీ తగ్గితే వెనక చక్రాన్ని ఇంజినుతో కలిపే క్లచ్ షూలు వదిలేసి ఆ బ్రేకు పూర్తిగా పోతుంది. ఇంజిను ఆపి దిగడం ఎలాగూ కూడదు.

వారంటీలో ఉన్న బండికి కంపెనీ చెప్పని బరువు వేస్తే వారంటీకి ఇబ్బంది రావచ్చని కూడా పాఠకులకు చెప్పండి. మైలేజీ మాటకు సవరణ వేయండి. రోలర్లు మార్చిన షాపు పాత సెట్టు, కొత్త సెట్టు బరువులు గ్రాముల్లో బిల్లు మీద రాయాలని కూడా రాస్తే మేలు. తర్వాత ఆ బండి విప్పే మెకానిక్కుకు అదొక్కటే ఆధారం.

ఇట్లు,
కొందరు స్కూటర్ మెకానిక్కులు,
విజయనగరం