ఇంటి పని ఎందాకా వచ్చిందంటే

అక్కా, పిన్నీ, అందరూ విడివిడిగా ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా. గాంధీ రోడ్డు ఇంటికి పాత మద్రాసు మిద్దె (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పైకప్పు) మొత్తం తీసేశారు. టేకు దూలాలకు చెదలు ముట్టలేదు, పక్కన పెట్టించాను, అమ్మేద్దామని ఎవరూ అనొద్దు.

కొత్త స్లాబ్ శుక్రవారం పడింది. వారం నీళ్లు పెడితే చాలంటాడు మేస్త్రి, కానీ మనం వాడింది పీపీసీ సిమెంటు (ఫ్లై యాష్ లాంటి బూడిద కలిపింది), దానికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, నేనైతే 14 రోజులూ పెట్టిస్తా. పైన చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలబెట్టాం, పొద్దున చూస్తే ఆగ్నేయం మూల మడి ఒక్కటే ఖాళీ (గట్టు చీలింది అంతే, స్లాబ్ కాదు, టెన్షన్ పడొద్దు). హాలు వెడల్పు 4.5 మీటర్లు దాటింది, అందుకే అక్కడ స్లాబ్ కింద మోపుగా పెట్టిన జాకీలు కూడా 14 రోజుల దాకా కదపనివ్వను.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, మిద్దె నీళ్ల వాటం వీధి వైపే పెట్టించాను.

బావా, ఇటాలియన్ మార్బుల్ వద్దు, వంటగట్టుకి కుప్పం గ్రీన్ గ్రానైట్ చూస్తున్నా, రేటు కనుక్కుని పెడతా.

కరెంటు పైపులకు గోడలు కొట్టేది సోమవారం. ఏసీలు ఎక్కడెక్కడ కావాలో ఆలోపే చెప్పండి, తర్వాత మళ్లీ పగలగొట్టమంటే నా వల్ల కాదు.