పది రూపాయల వైరు గురించి మీకు రాస్తున్న మూడో లేఖ

గుంటూరు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ నాలుగు తీగల బేస్ గిటార్‌లో హమ్మింగ్, రెండుసార్లు సర్వీసుకు పంపినా పోకపోవడం.

అయ్యా,

గత ఫిబ్రవరిలో మీ కంపెనీ బేస్ గిటార్‌ను 31,500 రూపాయలకు కొన్నాను. ఏడాది వారంటీ ఇచ్చారు. తెచ్చిన రోజు సాయంత్రమే ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే గుయ్యిమని మోత మొదలైంది. అది ఇప్పటికీ ఆగలేదు.

నాది టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఆదివారాలు మా చర్చి పాటల బృందంలో బేస్ వాయిస్తాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మీ సర్వీసు కేంద్రం వాళ్లు ఫోను చేసిన ప్రతిసారీ ‘మీ దగ్గర ఎర్తింగ్ సరిగా లేదు సార్’ అని నాకు పాఠం చెబుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మా దుకాణం వెనక ఎర్త్ గుంతను నేనే దగ్గరుండి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించాను. ఎండాకాలం వస్తే మొక్కకు పోసినట్టు దానికి నీళ్లు పోస్తాను. అదే ప్లగ్గులో, అదే ఆంప్లిఫయర్‌కు, అదే కేబుల్‌తో నా పాత గిటార్ తగిలిస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది. మీ గిటార్ మాత్రం ఇంట్లోనూ, దుకాణంలోనూ, చర్చిలోనూ ఒకే రాగం తీస్తోంది.

మొదటిసారి సర్వీసుకు పంపినప్పుడు జరిగింది వినండి. తీగ మెడ మీది అడ్డ లోహపు కడ్డీకి, అంటే ఫ్రెట్టుకు, తగిలి జరజరమనడం వేరు, స్పీకరులో కరెంటు మోత వేరు. తెలుగులో చెప్పేటప్పుడు ఈ రెండిటినీ ఎవరూ కలపరు. నేను ఫోనులో చెప్పింది రెండోది. మీ ఉద్యోగి ఫారంలో రెండిటికీ చెల్లే ‘బజ్’ అనే ఇంగ్లీషు ముక్క ఒక్కటి రాసుకున్నారు. అది చదివిన మెకానిక్ మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ తిప్పి, తీగల కింది చివరను పట్టి ఉంచే లోహపు బ్రిడ్జి దగ్గర తీగల్ని పైకి లేపి పంపించారు. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. రెండు పాటలు వాయించేసరికి చిటికెన వేలు లాగేస్తోంది. మోత ఎక్కడిదక్కడే ఉంది. రెండోసారి పంపితే ఏమీ ముట్టుకోకుండానే ‘పరికరంలో లోపం లేదు, వినియోగదారుడి ఇంట్లో ఎర్తింగ్ లోపం’ అని కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపారు.

కంట్రోల్ ప్లేటు స్క్రూ మీద మీ వారంటీ స్టిక్కరు ఉంది కాబట్టి గిటార్‌ను విప్పలేదు. విప్పాల్సిన పని కూడా పడలేదు. మామూలుగా గిటార్ తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గాలి. తీగలు బ్రిడ్జికి, బ్రిడ్జి కింది నుంచి ఒక సన్నని వైరు ద్వారా లోపలి గ్రౌండుకు, అంటే ఎర్త్ వైపు కనెక్షన్‌కు, కలిసి ఉంటాయి కాబట్టి మన ఒళ్లు కూడా ఆ గ్రౌండులో చేరుతుంది. మీ గిటార్‌లో నాలుగు తీగల్నీ అరచేత్తో అదిమి పట్టుకున్నా మోతలో తేడా లేదు. అదే చేత్తో కేబుల్ జాక్ చుట్టూ ఉన్న లోహపు ప్లేటును ముట్టుకుంటే టక్కున సగానికి పైగా తగ్గుతుంది. తర్వాత మీటరు పెట్టాను. ప్లేటుకూ జాక్ గ్రౌండుకూ మధ్య 0.3 ఓమ్. బ్రిడ్జికీ జాక్ గ్రౌండుకూ మధ్య మీటరు కూతే లేదు, తెర మీద ఓఎల్ అని, అంటే రెండూ కలిసి లేవని, చూపిస్తోంది. అంటే బ్రిడ్జి వైరు తెగింది, లేదా వాల్యూమ్ కంట్రోల్ వీపు మీద టంకం ఊడింది, లేదా బ్రిడ్జి కింద పెయింటు మందంగా ఉండి వైరు లోహానికి ఆనడం లేదు. ఈ మూడింటిలో ఏదో విప్పితే తెలుస్తుంది. రెండు వైపులా మొసలి క్లిప్పులున్న వైరు ముక్కతో బ్రిడ్జినీ ప్లేటునూ కలిపాను. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ ఇప్పుడు మోత లేదు. దీనికి నాకు పట్టింది పది నిమిషాలు. మీ కేంద్రం దగ్గర గిటార్ రెండు దఫాలుగా నలభై రోజులు ఉంది.

‘సింగిల్ కాయిల్ పికప్‌లు అంతే సార్’ అని కూడా ఒకరు అన్నారు. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే ఆ పికప్‌లు ఈ గిటార్‌లో రెండున్నాయి. ఒక్క పికప్‌నే వాడినప్పుడు వచ్చే కొద్దిపాటి హమ్మింగ్ సంగతి నాకు తెలుసు. రెండిటి వాల్యూమూ నిండుగా పెడితే అది ఒకదానికొకటి కొట్టుకుపోవాలి. ఇది పోవడం లేదు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, లావు తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జి స్వరం 49 హెర్ట్జ్. ఆ స్వరం పట్టుకుని నిలిపితే రెండూ పోట్లాడుకుని, సెకనుకోసారి లేచి పడే ఊగుడు వినిపిస్తుంది. మా పాటల్లో సగం జి లోనే ఉంటాయి. ప్రార్థన మధ్యలో పాస్టరు గారు నా వైపు చూసే చూపు మీకెలా చెప్పాలో తెలియదు.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది మీ వాళ్లు ఫోనులో ఇచ్చిన సలహా. ఆంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేసి వాడి చూడమన్నారు. ఆంప్లిఫయర్‌లో ఎక్కడైనా లీకేజీ ఉంటే ఆ కరెంటు గిటార్ లోహపు భాగాల మీదికి, అక్కణ్నుంచి నా చేతికి వస్తుంది. అప్పుడు పెదవి మైకుకు తగిలితే ఏమవుతుందో వాళ్లకు తెలుసా? 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తింగ్ సరిగా లేని వేదిక మీద మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సలహా మరెవరికీ ఇవ్వవద్దని మీ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

నేను డబ్బు వాపసు అడగడం లేదు. మెడ బాగుంది, స్వరం బాగుంది, గిటార్ నాకు నచ్చింది. బ్రిడ్జి వైరును మీరే సరిచేసి, తీగల ఎత్తును మళ్లీ మామూలుకు తెచ్చి ఇవ్వండి. లేదా స్టిక్కరు తీసి నేనే టంకం పెట్టుకుంటాను, వారంటీ పోదని ఒక కాగితం రాసివ్వండి. రెండుసార్లు నేను కట్టిన కొరియర్ ఖర్చు 1,860 రూపాయలు ఇప్పించండి. ఎర్తింగ్ లోపం అని రాసిన ఆ సర్వీసు రిపోర్టును రద్దు చేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా కమిషన్‌కు వెళ్తాను. మా దుకాణం నుంచి అక్కడికి పెద్ద దూరం కూడా కాదు.

బిల్లు, రెండు సర్వీసు రిపోర్టులు, మీటరు రీడింగుల ఫోటోలు జతచేశాను. మూడోసారి గిటార్ పంపాల్సి వస్తే ఆ క్లిప్పుల వైరు కూడా పెట్టెలో వేస్తాను. పని అయ్యాక తిరిగి పంపించండి, దుకాణంలో దానితో రోజూ అవసరం పడుతుంది.

ఇట్లు,
మీ గిటార్ కొన్న మనిషి