కండోమ్ వాడమంటే చాలదు, దానితో ఏది రాయకూడదో కూడా చెప్పాలి

సంపాదకుడికి నమస్కారం.

కండోమ్ చిరిగితే ఏం చేయాలో వివరిస్తూ మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదనీ, హెచ్‌ఐవీ సోకిందేమోనన్న అనుమానం ఉంటే 72 గంటల్లోపే మందులు మొదలుపెట్టాలనీ చక్కగా చెప్పారు. కానీ అసలు అది ఎందుకు చిరిగిందన్న మాట అందులో లేదు. కుటుంబ నియంత్రణ కౌన్సెలర్‌గా నేను ముందు అడిగేది అదే. "జారుడుకి ఏమైనా రాశారా?" అంటే చాలామంది తల దించుకుని, ఇంట్లో ఉన్న నూనో, వేజలీనో అంటారు.

మనకు దొరికే కండోమ్‌లలో ఎక్కువ భాగం లేటెక్స్‌వి, అంటే రబ్బరువి. రబ్బరుకు నూనె పడదు. నూనె లోపలికి ఇంకితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బలం పోతుంది. మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లకే లేటెక్స్ కండోమ్ బలం దాదాపు 90 శాతం తగ్గిపోయిందని 1989లోనే ఒక పరిశోధన తేల్చింది. బేబీ ఆయిల్‌లో ప్రధానంగా ఉండేది ఈ మినరల్ ఆయిలే. పెట్రోలియం జెల్లీ, కొబ్బరి నూనె, వంటనూనె, మసాజ్ నూనె, కోల్డ్ క్రీమ్ ఏదీ లేటెక్స్‌తో వాడకూడదు. శిక్షణ తరగతుల్లో మేం ఒక కండోమ్‌ని బుడగలా ఊది, వేలికి కాస్త బేబీ ఆయిల్ అద్దుకుని దాని మీద రుద్దుతాం. మొదట ఏమీ కాదు. రంగు మారదు, చిల్లు కనబడదు. రుద్దుతూ ఉండగానే టప్పున పగిలిపోతుంది. నీటి జెల్ రాసిన రెండోది మాత్రం చెక్కుచెదరదు. అది కళ్లారా చూసినవాళ్లకి మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

నూనె రాసినవాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కాన్పు తర్వాత, బిడ్డకి పాలిచ్చే రోజుల్లో, నెలసరి ఆగిపోయే వయసులో, కొన్ని మందులు వాడుతున్నప్పుడు పొడిబారడం మామూలే. మలద్వారంలో ఆ తడి సహజంగానే ఉండదు. పొడిగా ఉంటే నొప్పి పుడుతుంది, రాపిడికి కండోమ్ కూడా చిరుగుతుంది. కాబట్టి లూబ్రికెంట్, అంటే జారుడుకి రాసేది, వాడటం మంచి పనే. సరైనది ఏదో ఎవరూ చెప్పకపోవడమే బాధగా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది లోషన్ల దగ్గర. నూనెలా జిడ్డుగా ఉండవు, నీళ్లతో కడిగితే పోతాయి, సీసా మీద మొదటి పదార్థం నీరనే ఉంటుంది. ఇంకేం, ఇది నీటిదే అనుకుంటారు. నాలుగు పేర్లు దాటి చదివితే మినరల్ ఆయిల్, పెట్రోలేటమ్, లిక్విడ్ పారాఫిన్, లేదంటే ఏదో ఒక గింజ నూనె కనబడుతుంది. కడిగితే పోవడం వేరు, నూనె లేకపోవడం వేరు. అందుకే చర్మానికి రాసుకునే లోషన్‌ని ఈ పనికి వాడకుండా, లేటెక్స్ కండోమ్‌తో వాడవచ్చని రాసి ఉన్న లూబ్రికెంటే తీసుకోవాలి.

అలాంటివి రెండు రకాలు. నీటితో చేసినవి త్వరగా ఆరిపోతాయి, మళ్లీ కాస్త రాసుకుంటే సరి. సిలికాన్‌వి ఎక్కువసేపు నిలుస్తాయి, వాటి పదార్థాల్లో డైమెథికోన్ లాంటి పేర్లు ఉంటాయి. సిలికాన్ అంటే నూనెలాగే లేటెక్స్‌ని పాడుచేస్తుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు, చాలా కండోమ్‌లకు తయారీలోనే సిలికాన్ లూబ్రికెంట్ పూసి వస్తుంది. ఏదైనా సరే, కండోమ్ తొడిగాక పైన రాయాలి. లోపల ఎక్కువైతే జారిపోతుంది. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు వాడే పాలీఐసోప్రీన్ కండోమ్‌లకూ నూనె పడదు. పాలీయూరిథేన్‌వి, నైట్రైల్‌తో చేసిన ఆడవాళ్ల కండోమ్‌లు మాత్రం తట్టుకుంటాయి.

నీటిది కదా అని ఏదో ఒకటి కొనడం కూడా సరికాదు. గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ మరీ ఎక్కువైతే లోపలి సున్నితమైన పొరలోంచి నీటిని లాగేసి దాన్ని దెబ్బతీస్తాయి. లూబ్రికెంట్ ఆస్మోలాలిటీ, అంటే అందులో కరిగి ఉన్న పదార్థాల గాఢత, కిలోకు 1200 మిల్లీఆస్మోల్స్ దాటకూడదని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ అంకె డబ్బా మీద కనిపించడమే అరుదు. నోనాక్సినాల్-9 అనే వీర్యకణ నాశిని ఉన్నవాటిని వదిలేయడమే మేలు. తరచూ వాడితే అది ఆ పొరను దెబ్బతీసి హెచ్‌ఐవీ ముప్పును పెంచుతుంది.

నా విన్నపాలు మూడు. 'లేటెక్స్ కండోమ్‌తో వాడవచ్చు' లేదా 'వాడకూడదు' అనే మాట లూబ్రికెంట్ డబ్బా ముందువైపే, మామూలు కళ్లకు ఆనే అక్షరాల్లో, కొనేవాళ్ల భాషలో ఉండాలి. కండోమ్‌లు ఉచితంగా ఇచ్చే ప్రతిచోటా వాటితోపాటు నీటి లూబ్రికెంట్ కూడా ఇవ్వాలి.

మూడోది డాక్టర్లకు, మందుల షాపు వాళ్లకు. యోనిలో వాడే ఫంగస్ క్రీమ్‌లు, క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ క్రీమ్‌ లాంటి మందుల్లో చాలావాటికి నూనే ఆధారం. వాడినన్నాళ్లే కాదు, మానేశాక కూడా కొన్ని రోజులపాటు ఇవి కండోమ్‌ని బలహీనపరుస్తాయి. ఆ ట్యూబ్ చేతికిచ్చేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పండి. అడగడానికి ఆమె సిగ్గుపడవచ్చు, కాబట్టి అడిగేదాకా ఆగకండి.

ఇట్లు,
ఒక కుటుంబ నియంత్రణ కౌన్సెలర్