ఆ సెట్టు కాల్చింది నువ్వు కాదురా

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బాచీ,

నీ ఉత్తరానికి జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, తిట్టుకోకు. పిల్లల పరీక్షలు, ఇంటికి సున్నాలు, మధ్యలో బాబాయికి కంటి ఆపరేషను. ఆపరేషను బాగా జరిగింది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందర్నీ పలకరిస్తున్నాడు. అమ్మ మోకాళ్ళు మామూలే. కాలవలకి నీళ్ళొచ్చాయి. ఇవీ విశేషాలు. మిగతావి ఫోన్లో చెప్తా.

ఇప్పుడు చెప్పబోయేది ఫోన్లో చెప్పేది కాదు. కాగితం మీద ఉండాలి, నీ దగ్గర దాచుకోవాలి. కూర్చున్నావా?

అమ్మ కువైట్ సెట్టు, అదే మావయ్య తెచ్చిన పాటల సెట్టు, కాలిపోయింది నీ వల్ల కాదు. కుండల్లో పెట్టిన నీ స్పీకర్ల వల్ల కాదు, నువ్వు పెట్టిన క్యాసెట్టు వల్లా కాదు. బల్లి వల్ల. నిజంగానే బల్లి! నేను చూశా, మీ చెల్లెమ్మ చూసింది, అమ్మ చూసింది. రేడియోలు బాగుచేసే మన రేడియో తాత పట్టకారుతో తీసి పేపరు మీద పెట్టాడు.

ఉండు, మొదట్నుంచీ చెప్తా.

సున్నాలకోసం అటక ఖాళీ చేశాం. నాన్న మర్ఫీ రేడియో దిగింది. కువైట్ సెట్టు దిగింది. మనిద్దరం బెజవాడ నుంచి సామాన్లు తెచ్చి చేసిన ఆంప్లిఫయరు, దాని తాలూకు రెండు కుండలు (ఒకదానికి మూతి దగ్గర పెచ్చు ఊడింది, పొన్నూరు బస్సులో తగిలిందే, అదే), పండగ ఆఫర్లో కొన్న ఐదు స్పీకర్ల హోం థియేటరు, రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు. హాల్లో వరసగా పెడితే నడవడానికి చోటు లేదు. ఒక్కటీ పలకదు. అమ్మ ఒకటే మాట, "పాత సామాన్ల ఆటో వస్తే ఎత్తించేయ్, నాకు కనపడకూడదు."

ఆ "కనపడకూడదు" ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మావయ్య తెచ్చిన సెట్టు అది. నెలల తరబడి ఎడారిలో కష్టపడి తన అక్క కోసమని, అంటే అమ్మ కోసమని మోసుకొచ్చింది. 1999లో మా అక్క నిశ్చితార్థం రోజు, సరిగ్గా తాంబూలాలు మార్చుకునే వేళకి, టప్‌మని శబ్దం, కమురు వాసన, ఇల్లంతా చీకటి. సెట్టు దగ్గర ఉన్నది నువ్వు. వెనక మన కుండలు తగిలించి ఉన్నాయి. ఇంకేం కావాలి, మగపెళ్ళివారి ముందు అమ్మ నిన్ను అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. నువ్వు విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయావు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినా అరుగు దాటి లోపలికి రాలేదు. అందరూ నిన్ను "ఫ్యూజు" అని పిలిచినప్పుడు నువ్వు నవ్వేవాడివి గానీ, నాకు ఆ నవ్వు తెలుసురా.

సరే. ఆటో వచ్చింది. మైకులో "పాత ఫ్రిజ్జులు, పాత కూలర్లు, పాత టీవీలు కొంటాం" అని. అతను సెట్టుని కొక్కెం కాటాకి తగిలించాడు. దేనికెంతో వివరంగా చెప్పాడు కూడా: ట్రాన్స్‌ఫార్మర్లో రాగి ఉంటుంది కాబట్టి దానికి ఒక రేటు, ఇనప రేకుకి ఒకటి, ప్లాస్టిక్కుకి దాదాపు ఏమీ లేదు. బోర్డులు వేరేవాళ్ళకి పోతాయట, వైర్లు తగలబెట్టి రాగి తీస్తారట. మా అమ్మాయి బళ్ళో దీని మీదే ఏదో చార్టు రాసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, ఎలక్ట్రానిక్ చెత్త అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, తయారుచేసిన కంపెనీలకీ బాధ్యత ఉంది అని దానికి కంఠతా వచ్చు. "నాన్నా, ఆ అతుకుల్లో సీసం ఉంటుంది, ఆ పొగ పీల్చేది మనలాంటి పిల్లలే" అంది. ఆ మాటకి నాకు చెయ్యి ముందుకి రాలేదు. అప్పుడే సెట్టు కాటా మీద మెల్లగా తిరిగింది, దాని వెనక ఎర్రా నల్లా వైర్ల ముక్కలు వేలాడుతున్నాయి. చివర నీ ముడి! ఆ మెలిక ప్రపంచంలో ఇంకెవడూ వెయ్యడు. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరూ విప్పలేదన్నమాట. విప్పలేదంటే లోపల కూడా ఎవరూ చూడలేదు. అప్పట్లో పిలిచిన మనిషి ప్లగ్గు పెట్టాడు, మీటరు దగ్గర ఫ్యూజు మళ్ళీ పోయింది, "లోపలంతా మాడిపోయింది, కుండల లోడు పడింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. స్క్రూ కూడా తియ్యలేదు.

ఆటో అతనికి టీ ఇచ్చి పంపేశా. రేడియో తాత ఇంటికి వెళ్ళా.

తాత పెద్దవాడైపోయాడురా. కొట్టు మూసేశాడు, చేతులు కొంచెం వణుకుతాయి, కానీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఆ వణుకు ఎటు పోతుందో తెలీదు. వచ్చి ముందు సెట్టు వాసన చూశాడు. తర్వాత మూత విప్పాడు. దుమ్ము బ్రష్షుతో ఊడ్చి, టార్చి వేసి, ఏమీ మాట్లాడకుండా నన్ను రమ్మని వేలు చూపించాడు. కరెంటు వైరు లోపలికి వచ్చే చోట చిన్న బోర్డు, దాని మీద రెండు కొనలు, ఆ రెంటికీ మధ్య అడ్డంగా ఎండిపోయిన బల్లి. వెన్నెముక కనపడుతోంది. తల ఒక కొన మీద, తోక ఇంకో కొన మీద. కింద బోర్డు బొగ్గైపోయింది.

"వెచ్చదనానికి దూరుంటుంది. ఇది కరెంటుని అడ్డంగా కలిపింది. బొగ్గు పడ్డాక ఆ బొగ్గే వైరైపోద్ది, అందుకే ప్లగ్గు పెట్టినప్పుడల్లా మీ ఇంటి ఫ్యూజు పోయింది" అన్నాడు.

నేను ఒకటే అడిగా. "తాతా, కుండల స్పీకర్లు తగిలించడం వల్ల ఏమన్నా..."

తాత సెట్టు లోపలి ఫ్యూజు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. గాజు గొట్టం, తళతళలాడుతోంది, లోపల తీగ చెక్కుచెదరలేదు! లోడు ఎక్కువై పోయేదైతే ముందు ఇది పోవాలి, లేదా పాట బయటికి పంపే ఐసీ పోవాలి. షార్టు ఫ్యూజుకి ముందే జరిగింది, ఇక దీనికీ దానికీ సంబంధమే లేదు అన్నాడు. నిన్ను అందరూ ఏ పేరుతో పిలిచారో ఆ ఫ్యూజే నీ తరఫున సాక్ష్యం చెప్పింది బాచీ!

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింది. ముందు "అయ్యో, బల్లిని ముట్టుకున్నారా, స్నానాలు చెయ్యండి, కంచి బల్లిని తాకిన వాళ్ళెవరన్నా ఉన్నారా" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. నేను వెళ్తే స్టవ్వు వెలిగించకుండానే దాని ముందు నిలబడి ఉంది. "ఆ పిల్లాడు ఆకు ముందునుంచి లేచిపోయాడురా" అంది. అంతే. నేనేం మాట్లాడలేదు. నిశ్చితార్థం నాటి రాత్రి నాన్న అమ్మతో ఒక మాట అన్నారు, నేను విన్నాను, నీకెప్పుడూ చెప్పలేదు... అది ఇక్కడ రాయలేను, వచ్చినప్పుడు చెప్తా.

ఇంకా ఉంది, ఆగు. తాత ఆ బొగ్గంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, బోర్డుని వదిలేసి వైరుని నేరుగా కలిపాడు. తర్వాత సీరీస్ బల్బు పెట్టాడు. గుర్తుందా, మన ఆంప్లిఫయరు మొదటిసారి వెలిగించినప్పుడు కూడా ఆయన అదే పెట్టమన్నాడు: లోపల షార్టుంటే బల్బు భగ్గుమని అలాగే వెలుగుతుంది, బాగుంటే ఒక్కసారి వెలిగి మందగిస్తుంది. స్విచ్చి వేశాడు. బల్బు భగ్గుమంది. నా గుండె ఆగింది. మెల్లగా ఎర్రబడింది, ఇంకా తగ్గింది, తీగ మాత్రం కనపడేంత. సెట్టు ముందు నీలం అంకెలు వెలిగాయి. ట్యూనరు తిప్పితే గరగర, గరగర, ఒక్కసారిగా బెజవాడ స్టేషను! మీ చెల్లెమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఐసీ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి, రేడియో పాడుతోంది. ఇంకెవడన్నా నిన్ను ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు.

అంతా బాగుందని కాదు. సీడీ తిరుగుతుంది గానీ చదవదు, లెన్సు అయిపోయింది, ఆ మోడల్ది ఇక దొరకదన్నాడు. క్యాసెట్టు డెక్కులు రెండూ తెరిస్తే రబ్బరు బెల్టులు కరిగి తారులాగా అంటుకుపోయాయి. ఒకదాంట్లో ప్లాస్టిక్ చక్రం కూడా పగిలింది. తాత కొత్త బెల్టులు వేసి, ఆ డెక్కు సామాను ఈ డెక్కుకి మార్చి ఒకటి బతికించాడు. వెనక ఆక్స్ అని రెండు బొడిపెలున్నాయి కదా, వాటికి వైరు తగిలిస్తే ఫోన్లో పాటలు కూడా వస్తున్నాయి. అంచేత సెట్టు అమ్మ గదిలోకి వెళ్ళింది. "కనపడకూడదు" అన్న మనిషే చోటు చూపించింది.

ఇక మిగతావి. రెండ్రోజులు తాతా నేనూ కూర్చుని ఒక్కోటీ తేల్చాం, నాకు బాగా అర్థమైంది ఏంటంటే, ఎంత పాతదైతే అంత బాగుచెయ్యచ్చురా. అన్నిటికంటే కొత్తది హోం థియేటరే, అదే ముందు చేతులెత్తేసింది. విప్పితే ఒకే బోర్డు, దాని మీద గోరంత చిప్పు, పోతే మొత్తం పోయినట్టే. స్పీకర్ల పిన్నులు కూడా ఇంకే సెట్టుకీ పట్టవు. అంత డబ్బు పోసి కొన్నది అలా ఉండటం నాకు ఒళ్ళు మండింది. తాత దాంట్లో ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్లు విప్పి తీసుకున్నాడు, ఎవరికో పనికొస్తాయని. అమ్మ "అతను తూకం వేస్తాడు, ఈయన విప్పుతాడు, ఈయనకే ఇయ్యి" అంది. మిగిలిన బోర్డు సంచిలో కట్టి పెట్టా, అమ్మాయి చార్టులో చెప్పినట్టు అనుమతి ఉన్నవాళ్ళు ఎవరో కనుక్కుని ఇస్తా, ఆటోకి మాత్రం ఇవ్వను.

మర్ఫీ ఉంటుంది. దానికి కండెన్సర్లు మార్చకుండా కరెంటు చూపించొద్దన్నాడు తాత, సరే, ఆగుతా. దాని వెనక నాన్న పోస్టాఫీసులో ఏటా కట్టిన రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది, స్టాంపులతో సహా. పిల్లలు రేడియో వినడానికి లైసెన్సేంటి అని ఒకటే నవ్వు.

క్యాసెట్ల సంగతి కొంచెం బాధే. సగానికి పైగా తెల్ల బూజు. బూజు పట్టినవి డెక్కులో పెట్టొద్దు, హెడ్డు పాడైపోతుంది, ఒక్కొక్కటీ విప్పి తుడవాలి అన్నాడు తాత. పద్యనాటకాలవి, నాన్న చేతిరాత ఉన్నవి పక్కన పెట్టుకున్నా, తీరిగ్గా తుడిచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తా. మిగతావి బాబాయి అడిగాడు. జొన్నచేనుకి అడ్డంగా టేపు కడితే గాలికి ఝుమ్మని మోగి పిట్టలు రావుట కదా. ఒక్క తొంభై నిమిషాల క్యాసెట్టులో దాదాపు 130 మీటర్ల టేపు ఉంటుందని లెక్క చెప్తే బాబాయి నల్లద్దాల వెనకనుంచి చేను కొలతలు వెయ్యడం మొదలెట్టాడు. పంట కాగానే ఆ టేపంతా తిరిగి చుట్టి తేవాలని మాట తీసుకున్నా, చేలో వదిలేస్తే గొడ్లు తింటాయి.

మన ఆంప్లిఫయరు! చివరికి ఉంచా. అదే 4440 ఐసీ, ఇప్పటికీ బజార్లో దొరుకుతోంది తెలుసా? చానెలుకి ఆరు వాట్లే గదా, ఆ ఆరు వాట్లకే కదరా వీధంతా వచ్చి నిలబడింది. పెద్ద కండెన్సరు ఉబ్బింది, మార్చాం. వాల్యూమ్ కంట్రోలు గరగరలాడితే స్ప్రే కొట్టాం. నీ అతుకులు ఒక్కటీ ఊడలేదు. తాత బోర్డు తిప్పి చూసి "లెడ్డు ఎక్కువేశాడు, కానీ పట్టుగా వేశాడు" అన్నాడు, "ఇంకో అరచెంచా" అని నేను అన్నా, ఆయనకి అర్థం కాలేదు, నీకవుతుంది.

కుండల్లో స్పీకర్లు పెట్టి మోగించాం. ఆ మోత అలాగే ఉంది బాచీ. పెట్టె స్పీకర్లకి అది రాదు. పెచ్చు ఊడినదాంట్లో కాగితం చిరిగి కొంచెం బుస కొడుతోంది, కోను మార్పించాలి.

అయితే ఇవి నా ఒక్కడివి కావు కదా. సగం డబ్బు నీది, పని సగం కంటే ఎక్కువ నీది. ఇక్కడ ఉంచనా, మీ అమ్మగారింట్లో పెట్టించనా? నువ్వు చెప్పేదాకా ఎవరికీ ఇవ్వను. తాత మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడు వాటి చుట్టూ తిరుగుతున్నాడు, అడగలేక అడిగాడు. వాడికిస్తే బాగానే చూసుకుంటాడు, నాకూ ఇవ్వాలనే ఉంది, కానీ నీ మాట కావాలి.

ఈ ఉత్తరం తెస్తున్నది ఎవరో తెలుసా? అక్క కొడుకు. ఆ రోజు చీకటి పడిందని, శకునం బాలేదని ఎంతమంది ఎన్ని అన్నారు! అక్కా బావా చల్లగా ఉన్నారు, వాళ్ళ పిల్లాడు ఉద్యోగానికి మస్కట్ వస్తున్నాడు. కొత్త ఊరు, నీ దగ్గర రెండ్రోజులు ఉంచుకో. ఆవకాయ సీసా పక్కన దూదిలో చుట్టి చిన్న పొట్లం ఉంటుంది, అది ఫ్యూజు. జాగ్రత్తగా విప్పు, గాజు. పచ్చడి మీ ఆవిడకి ఇయ్యి, ఫ్యూజు నువ్వుంచుకో.

అమ్మ నీతో మాట్లాడాలంటోంది. ఫోన్లో సరిగ్గా వినపడదు, గట్టిగా మాట్లాడు, శుక్రవారం నీకు సెలవే కదా. ఏం మాట్లాడుతుందో నాకు చెప్పలేదు. సంక్రాంతికి రమ్మని మాత్రం నన్ను రాయమంది, గారెలు చేస్తుందట, హాల్లో కూర్చుని తినాలట, అరుగు మీద కాదు. ఆ మాట ఆవిడే

కారొచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. హైదరాబాద్ వెళ్ళి ఫ్లైటు ఎక్కాలి. అక్క కేకలేస్తోంది. కుండల సంగతి వెంటనే చెప్పు. టికెట్టు ఇప్పుడే తీసుకో, తర్వాత రేటు పెరుగుతుంది.

నీ
చంటి